లెక్కల క్లాసులోకి వెళ్ళే ముందు

అమ్మలూ,

డీఎస్సీలో నీకు పోస్టింగ్ వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పిన దగ్గర్నుంచీ నా కాలు ఒకచోట నిలవడం లేదు. జడ్పీ హైస్కూలు, ఆరో తరగతి, లెక్కలు. నేను మొదలుపెట్టిందీ అక్కడే.

స్టాఫ్‌రూమ్‌లో మొదటిరోజే నీకో సలహా దొరుకుతుంది. “నెల రోజులు నవ్వకండి మేడమ్, చేతిలో బెత్తం ఉంచండి, క్లాసు గప్‌చిప్” అంటారు. నీ మంచి కోరే చెప్తారు, కానీ వినకు. 2009 విద్యా హక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది. ఆ రెండోది చాలామంది పట్టించుకోరు. “మొద్దు”, “నీకు లెక్కలు ఈ జన్మలో రావు” అనడం కూడా కొట్టడమే. భయపడ్డ క్లాసు నిశ్శబ్దంగానే ఉంటుంది. ఎవరికి ఏం అర్థం కాలేదో మాత్రం నీకు ఎప్పటికీ తెలియదు.

నా మొదటి సంవత్సరం, తండా నుంచి వచ్చే ఒక పిల్లాడు లేచి జవాబు చెప్పాడు. జవాబు సరైనదే. మధ్యలో ఒక మాట వాళ్ళ ఇంటి భాషలో దొర్లింది. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ పిల్లాడు మళ్ళీ ఆ ఏడాది చెయ్యెత్తలేదు. ఏదైనా అడిగితే తల దించుకుని గోరుతో బెంచీ అంచు గీకేవాడు. ఆ చప్పుడు నాకింకా వినిపిస్తూనే ఉంటుంది తల్లీ.

అందుకే, పిల్లలు తప్పు చెప్పినప్పుడు నువ్వేం చేస్తావో అది ముందు ఆలోచించి పెట్టుకో. భిన్నాలు చెప్పేటప్పుడు 1/2కి 1/3 కలపమంటే ఎవరో ఒకరు 2/5 అంటారు. పైవి పైవి, కిందవి కిందవి కలిపేస్తారు. “తప్పు, కూర్చో” అనకు. “ఎలా చేశావు నాన్నా?” అని అడుగు. వాడు చెప్పింది చెప్పినట్టు బోర్డు మీద రాయి. “నీ దగ్గర సగం రొట్టె ఉంది, ఇంకో మూడో వంతు ఇచ్చాను, ఇప్పుడు సగంకన్నా ఎక్కువుందా, తక్కువుందా?” అని అడుగు. ఎక్కువే అంటారు. అప్పుడు ఒక రొట్టె గీసి, ఐదు సమాన ముక్కలు చేసి, రెండింటికి రంగు పూయి. వాడే “అయ్యో టీచర్, తగ్గిపోయింది!” అంటాడు. అదే తప్పు ఇంకా ఎంతోమంది నోటుపుస్తకాల్లో ఉంటుంది. వీడు ధైర్యంగా చెప్పబట్టే అందరికీ తెలిసిందని క్లాసు ముందు అను. మర్నాడు ఎన్ని చేతులు లేస్తాయో చూడు.

ప్రశ్న అడిగాక మనసులో ఐదు అంకెలు లెక్కపెట్టు. లేకపోతే ఎప్పుడూ ఆ ముందు బెంచీ ముగ్గురే చెప్తారు.

వారంలోపు అందరి పేర్లూ నేర్చుకో. ఇంటిపేరుతోనో, ఊరి పేరుతోనో, రోల్ నంబరుతోనో పిలవకు. ఏమని పిలవాలో వాళ్ళనే అడుగు.

గోల మొదలైతే టెన్షన్ పడి అరవకు. నీ గొంతు పెరిగితే వాళ్ళ గొంతూ పెరుగుతుంది. చాక్‌పీస్ కింద పెట్టి, కాసేపు ఊరికే నిలబడు. ఇద్దరు మాట్లాడారని క్లాసు మొత్తానికీ శిక్ష వేయకు, మాట్లాడని పిల్లలు అది మర్చిపోరు. ఏదో ఒకరోజు నీకూ కోపం వచ్చి మాట జారతావు. ఎవరి ముందు జారావో వాళ్ళ ముందే క్షమించమని అడుగు. అలా అడిగినందుకు నాకెప్పుడూ విలువ తగ్గలేదు.

సోమవారం బెల్లు కొట్టకముందే వెళ్ళి చివరి బెంచీలో కూర్చుని బోర్డు చూడు. కింది వరుస అక్షరాలు కనపడకపోతే కాస్త పైనే రాయి.

వారం అయ్యాక ఫోన్ చెయ్యి. హెడ్‌మాస్టరు సంగతి, బస్సుల సంగతి తర్వాత. ముందు ఎవరు ఏం తప్పు చెప్పారో, నువ్వేం అడిగావో చెప్పు.

ప్రేమతో,
మీ పెద్దమ్మ