ఎల్‌ఎల్‌బీలో జ్యూరిస్‌ప్రుడెన్స్ (అసలు చట్టమంటే ఏమిటని అడిగే సబ్జెక్టు) ఎందుకు పెట్టారు? ప్రాక్టీసులో అదేమైనా పనికొస్తుందా?

పనికొస్తుంది. కాకపోతే చదివేటప్పుడు కాదు. మా క్లాసులో సార్ నోట్సు చదివేవారు, మేం రాసుకునేవాళ్లం. చట్టమంటే సార్వభౌముడి ఆజ్ఞ అని ఇంగ్లండు న్యాయ పండితుడు ఆస్టిన్ 1832లో అన్నాడని బట్టీ కొట్టి పాసయ్యాను. పరీక్ష రాసిన సాయంత్రమే గైడు జూనియర్‌కి అమ్మేశాను.

సీనియర్ దగ్గర చేరిన రెండో ఏడు ఒక ముసలమ్మ వచ్చింది. ఆమె భర్త ఎప్పుడో సాదాబైనామా మీద, అంటే రిజిస్ట్రేషన్ లేకుండా తెల్లకాగితం మీద రాసుకున్న అమ్మకం పత్రంతో, రెండెకరాలు కొన్నాడు. రేట్లు పెరిగాక, అమ్మినాయన కొడుకులు భూమి మాదేనని దావా వేశారు. పాలిథిన్ కవర్లోంచి నాలుగు మడతల కాగితం తీసింది. మడతల దగ్గర చిరిగితే అన్నం మెతుకులతో అతికించారు. కింద సగం చెరిగిన వేలిముద్ర, ఇద్దరు సాక్షుల సంతకాలు. సాక్షులిద్దరూ పోయారు.

"వంద రూపాయలు, ఆపైన విలువున్న భూమి అమ్మితే రిజిస్ట్రేషన్ ఉండాలమ్మా. స్వాధీనం ఎలా వచ్చిందో చూపడానికి దీన్ని వాడుకోవాలన్నా ముందు స్టాంపు డ్యూటీ, దాని మీద పదింతల దాకా పెనాల్టీ కట్టాలి" అన్నారు సీనియర్.

ఆమె ఆయన్ని వదిలేసి నా వైపు తిరిగింది. "ఊరందరికి ఎరుకే గద బిడ్డా, కోర్టుకే ఎందుకు ఎరుక లేదు?"

సావినీ అప్పుడు అర్థమయ్యాడు నాకు. చట్టం పైనుంచి ఊడిపడదు, జనం ఆచారాల్లోంచి పెరుగుతుందన్న జర్మన్ ఆయన. ఊరిది సావినీ మాట, కోర్టుది ఆస్టిన్ మాట. మధ్యలో ముసలమ్మ.

అన్నట్టు, ఆ వంద రూపాయలు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని అంకె. అప్పటి వందకీ ఇప్పటి వందకీ పోలికుందా? ఇప్పుడు వందకి సరైన బిర్యానీ కూడా రాదు, చట్టంలో ఆ అంకె మాత్రం అలాగే ఉంది.

నన్నడిగితే ఈ సబ్జెక్టు ఆఖరి సెమిస్టర్లో, ఆరు నెలలు కోర్టులో కూర్చున్నాకే చెప్పాలి.

ఆ కేసు చివరికి లోక్ అదాలత్‌లో రాజీ అయింది. ఎకరం మిగిలింది. "గిది చెల్లుతదా బిడ్డా?" అని అడిగింది. చెల్లుతుంది, దీని మీద అప్పీలు కూడా ఉండదన్నాను. వేలిముద్ర వేసి, ఇంకు వేలిని కొంగుకి తుడుచుకుంటూ, తన పాత కాగితం తనకి ఇచ్చేయమంది.