పెళ్లి ఫొటోల్లో బిగుసుకుపోకుండా

అమ్మలూ,

ఫొటో అనగానే బిగుసుకుపోతానని, పెళ్లి ఆల్బం ఎలా వస్తుందోనని మొన్న ఫోన్లో తెగ టెన్షన్ పడ్డావు. రీలు కెమెరాల రోజుల నుంచి పెళ్లిళ్లు తీసినవాడిగా చెబుతున్నాను. నవ్వు సంగతి తర్వాత, ముందు జాకెట్టు సంగతి చూడు.

నిజం చెబుతున్నా. చంకల దగ్గర పట్టేసే జాకెట్టు, ఊపిరి ఆడనివ్వని వడ్డాణం, తలని వెనక్కి లాగే పూలజడ ఉంటే ఎవరి మొహమైనా బిగుసుకుంటుంది. ట్రయల్ రోజున పీట మీద బాసింపట్టు వేసుకుని కాసేపు కూర్చో. తలంబ్రాలు పోస్తున్నట్టు రెండు చేతులూ ఎత్తి చూడు. ఎత్తలేకపోతే కుట్లు విప్పించు. మేకప్ ట్రయల్లో ఫ్లాష్ వేసి ఒక ఫొటో తీయించుకో, కొన్ని క్రీములు ఫ్లాష్‌కి మొహాన్ని సున్నం పూసినట్టు చూపిస్తాయి. ముహూర్తం దాకా ఏమీ తినకూడదని నాయనమ్మ అంటుంది. పాలూ పళ్లూ తీసుకోవచ్చని పంతులుగారి చేతే చెప్పిస్తాలే.

ప్రీ వెడ్డింగ్ షూట్‌ల మీద నాకంత మోజు లేదు. కాకపోతే ఫొటోగ్రాఫరుతో మీకు కాస్త చనువు ఏర్పడుతుంది. అది కుదరకపోతే పెళ్లిరోజు నిన్ను ముస్తాబు చేసేటప్పుడే అతన్ని రమ్మను. మండపానికి వచ్చేసరికి కెమెరా ఉందన్న సంగతే మర్చిపోతావు. వీడియో లైటు కళ్లలోకి కొడుతుంటే మొహమాటపడకుండా పక్కకి జరపమను.

జీలకర్ర బెల్లం పెట్టి అడ్డుతెర తీసినప్పుడు "మేడమ్, ఇటు చూడండి" అని అరుస్తారు. చూడకు. అబ్బాయినే చూడు. ఆ చూపు రెండోసారి చూడమంటే రాదు.

తలంబ్రాల దగ్గరైతే నవ్వమని ఎవరూ చెప్పక్కర్లేదు. "మెల్లగా పోయండి, ఇంకోసారి" అని మా ఫొటోగ్రాఫర్లు ఆట మధ్యలో ఆపుతారు, ఆగకు. పళ్లెంలో బియ్యం అయిపోయేదాకా ఆడు. కనుబొమల్లో గింజలు ఇరుక్కోనీ, బాసికం చెవి మీదికి జారనీ, సర్దుకోవద్దు. ఆల్బంలో పేజీ అంతా పెద్దగా వేసేది చాలాసార్లు ఆ ఫొటోనే. హోమం పొగకి కళ్లు మండితే నలపకు, రుమాలు అంచుతో అద్దుకో చాలు.

అసలు కష్టం రిసెప్షన్ దగ్గర. గంటల తరబడి ఒకే నవ్వు పట్టుకుని నిలబడితే దవడలు నొప్పి పుట్టి, నవ్వు కాస్తా పళ్లికిలింపు అవుతుంది. కాబట్టి మనిషికీ మనిషికీ మధ్య నవ్వు ఆపెయ్. పెదాలు మూసి, ఊపిరి వదిలి, భుజాలు కిందికి దించు. ఎవరైనా మెట్లెక్కుతుంటే కెమెరాని కాదు, వాళ్లని చూడు. "పిన్నీ, ఎప్పుడొచ్చారు? భోంచేశారా?" అని పలకరించి అప్పుడు ఇటు తిరుగు. పలకరింపులో వచ్చిన నవ్వు ఫొటో క్లిక్ అయ్యేదాకా నిలుస్తుంది. రెండు కాళ్ల మీదా సమంగా బరువు వేసి నిటారుగా నిలబడకు, ఒక కాలి మీదికి కొంచెం వాలు. చేతులేం చెయ్యాలో తోచకపోతే అబ్బాయి మోచెయ్యి పట్టుకో. ఫ్లాష్‌కి కళ్లు మూసే అలవాటు నీకు చిన్నప్పటి నుంచీ ఉంది. ఒకటి, రెండు అనేటప్పుడు మూసి ఉంచి, మూడుకి తెరువు.

గ్రూప్ ఫొటోల్లో పెద్దత్తయ్యని మాత్రం అంచున నిలబెట్టొద్దు. వెడల్పు లెన్సులో అంచున ఉన్నవాళ్లు సాగినట్టు పడతారు, తిట్లు నాకు తగులుతాయి. అప్పగింతలప్పుడు ఏడుపొస్తే ఏడువు, మేకప్ గురించి ఆలోచించకు.

ఈ ఉత్తరం అబ్బాయికీ చూపించు. నిశ్చితార్థం ఫొటోలు చూశాను, ప్రతిదాంట్లోనూ ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు.

ఉంటాను,
నీ బాబాయ్