ప్రోలాగ్ మాడ్యూళ్లలో పేర్ల పేచీ

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

ప్రోలాగ్ అనే ప్రోగ్రామింగ్ భాషలో గ్రాఫుల కోసం నువ్వు రాసుకున్న మాడ్యూలు (విడి కోడ్ ఫైలు), పూర్ణాంకాల లెక్కలకు వాడే సీఎల్‌పీఎఫ్‌డీ లైబ్రరీ రెండూ ట్రాన్స్‌పోజ్/2 (చివరి అంకె ఆర్గ్యుమెంట్ల సంఖ్య) అనే పేరునే ఎగుమతి చేస్తున్నాయని, అంటే బయటి ఫైళ్లకు అందిస్తున్నాయని, రెండింటినీ ఒకే ఫైలులోకి తెచ్చుకోగానే ఎస్‌డబ్ల్యూఐ-ప్రోలాగ్ (ఆ భాషను నడిపే ప్రోగ్రాము) అనుమతి లేదంటూ మొరాయిస్తోందని రాశావు. నిజానికి అది నీకు మేలే చేసింది. మొదట వచ్చినదాన్ని ఉంచి, రెండోదాన్ని గుమ్మం బయటే ఆపింది. లైబ్రరీలు రాసేవాళ్లకే ఈ తంటా తప్పలేదు. గ్రాఫుల కోసమే ఉన్న యూగ్రాఫ్స్ లైబ్రరీలోనూ ఒకప్పుడు ట్రాన్స్‌పోజ్/2 ఉండేది. ఆ పేరును మాత్రికల అడ్డు, నిలువు వరుసలను తారుమారు చేసే పనికి వదిలేసి, తమదాన్ని ట్రాన్స్‌పోజ్_యూగ్రాఫ్/2గా మార్చుకున్నారు. నీ మాడ్యూలు నీ చేతిలోనే ఉంది కనుక నువ్వూ అదే చెయ్యి.

మార్చే వీలులేని పరాయి మాడ్యూలైతే, దిగుమతి చేసే యూజ్_మాడ్యూల్ రెండో ఆర్గ్యుమెంటులో కావలసిన ప్రెడికేట్లను (పేరు పెట్టిన నియమాలను) మాత్రమే రాసుకో, లేదా ఎక్సెప్ట్‌తో ఆ ఒక్కదాన్నీ వదిలెయ్యి. రెండూ కావాలంటే యాజ్‌తో ఒకదానికి మారుపేరు పెట్టు. ఏదో ఒక్కచోట అవసరమైతే సీఎల్‌పీఎఫ్‌డీ:ట్రాన్స్‌పోజ్ అని పిలవవచ్చు (మన ఇంటిపేరులాగే మాడ్యూలు పేరూ ముందే వస్తుంది). అయితే ఎగుమతి చేయని ప్రెడికేట్లను కూడా ఆ పద్ధతి అడ్డు చెప్పకుండా పిలవనిస్తుంది కనుక, దాన్ని ఫైలు నిండా చల్లకు.

నన్ను ఎక్కువ ఏడిపించింది మాత్రం చప్పుడు చేయని పేచీ. ఒకసారి డిలీట్/3ని నేనే రాసుకున్నాను. తీసేయవలసిన మూలకం ముందు, జాబితా తర్వాత. దాన్ని ఎగుమతుల్లో చేర్చడం మరిచాను. వేరే ఫైలు నుంచి పిలిస్తే, అలాంటి ప్రెడికేట్ లేదని చెప్పకుండా, ఆటోలోడర్ (నిర్వచనం దొరకని పేరును లైబ్రరీల్లో వెతికి తెచ్చేది) లిస్ట్స్ లైబ్రరీలోని డిలీట్/3ని తెచ్చిపెట్టింది. అందులో జాబితా ముందు, మూలకం తర్వాత! డిలీట్(ఎ, [ఎ, బి], ఆర్) అని అడిగితే ఎర్రరూ లేదు, హెచ్చరికా లేదు. ‘ఫాల్స్’ అన్న ఒక్క మాట. ఈ భాషలో అదీ సక్రమమైన జవాబే కనుక, రెండు రోజులపాటు నా నియమాలనే అనుమానించాను. చివరికి ప్రెడికేట్_ప్రాపర్టీతో ఇంపోర్టెడ్_ఫ్రమ్ (ఎక్కడి నుంచి దిగుమతి అయిందో) అడిగాక గానీ ఆ డిలీట్ ఎవరిదో బయటపడలేదు.

అందుకే తనిఖీ చేసేటప్పుడు ఆటోలోడ్ ఫ్లాగును ఫాల్స్ చేసి నడుపు. దిగుమతులను పేరుపేరునా రాయడంలో ఇంకో లాభం కూడా ఉంది: లైబ్రరీ మొత్తాన్ని తెచ్చుకుని అదే పేరుతో నీ ప్రెడికేట్ రాస్తే ప్రోలాగ్ ఒక హెచ్చరికతో సరిపెట్టి నీదాన్నే వాడుతుంది, పేరు చెప్పి తెచ్చుకున్నదాన్ని తిరిగి నిర్వచించబోతే మాత్రం ఒప్పుకోదు.

ఇంకొకటి, నీ మాడ్యూలుకు యుటిల్స్ అని పేరు పెట్టావు. మాడ్యూలు పేర్లన్నీ ఒకే వరుసలో ఉంటాయి, ఫోల్డరు వేరైనా లాభం లేదు; ఇంకెవరి యుటిల్స్ అయినా లోడయిందంటే రెండోది ఆగిపోతుంది. ముందు ఆ పేరు మార్చి, ఫైలు పైనున్న యూజ్_మాడ్యూల్ వరుసలను సరిచేసి నాకు పంపు.