విడుదల బాధ్యత గుమాస్తా పనేనా?

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లోనే బీటెక్ సీఎస్ఈ థర్డ్ ఇయర్ చదువుతోంది. కోడ్ అందరికీ తెరిచి ఉంచే ఏదో ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో కొత్త వర్షన్లు విడుదల చేసే బాధ్యత తీసుకుందట. రాత్రి ఒంటిగంట దాకా ల్యాప్‌టాప్ ముందే. తాను కోడ్ రాసేది తక్కువే, వేరేవాళ్లు రాసింది సరిచూసి బయటికి పంపడమేనంటోంది. జీతం లేదు. ఫ్రెండ్సంతా అమీర్‌పేటలో డెవాప్స్ (సాఫ్ట్‌వేర్ విడుదల చేసి నడిపే పని) కోర్సులో చేరారు. ఈ గుమాస్తా పని మాన్పించి అక్కడ చేర్పించమంటారా?
– ఒక తల్లి, కొత్తపేట

జవాబు: గుమాస్తా పని అన్నారు కదమ్మా, సగం నిజమే. ఎవరి మార్పు ఏ వర్షన్‌లోకి వెళ్లిందో రాసిపెట్టడం, ఏమేం మారాయో చెప్పే చేంజ్‌లాగ్ తయారు చేయడం, ఆ వర్షన్ కోడ్‌కు గుర్తుగా ట్యాగ్ వేయడం, గడువు గుర్తుచేయడం... ఇదంతా చిట్టా రాసినట్టే ఉంటుంది. వర్షన్ నంబరూ అంతే. చాలా ప్రాజెక్టుల్లో 2.4.1 అన్నదాంట్లో చివరి అంకె పెరిగితే తప్పులు దిద్దారని, మధ్యది పెరిగితే పాతవి చెడకుండా కొత్తవి చేర్చారని, మొదటిది పెరిగితే పాత ప్రోగ్రాములు ఆగిపోవచ్చని అర్థం. వాడేవాళ్లకు ఇచ్చిన మాట అది. తప్పితే తిట్లు పడేది విడుదల చేసినవాళ్లకే.

మిగతా సగం మాత్రం గుమాస్తాలు చేసేది కాదు. "ఇది ఈసారికి వద్దు" అని చెప్పగలగాలి. తనకంటే ఇరవయ్యేళ్లు సీనియర్ నెలల తరబడి కూర్చుని రాసిన ఫీచర్‌ను చివరి వారంలో పక్కన పెట్టాల్సి రావచ్చు. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష 3.13 వర్షన్ సంగతే చూడండి. 2024 అక్టోబర్ 1న రావాల్సింది. అన్నీ అయిపోయాయనుకున్నాక, వాడేసిన మెమరీని ఖాళీ చేసే గార్బేజ్ కలెక్టర్‌లో చేసిన మార్పు వల్ల కొన్ని ప్రోగ్రాములు నెమ్మదిస్తున్నాయని తేలింది. ఆ మార్పును వెనక్కి తీసేసి, మరో రిలీజ్ క్యాండిడేట్ (ఆఖరి పరీక్షల కోసం ఇచ్చే వర్షన్) ఇచ్చి, అసలు వర్షన్‌ను 7న వదిలారు. వారం ఆలస్యమైనా సరే అనుకోవడానికి గుండె కావాలి.

అందరూ తేదీని ఒకేలా చూడరు. లైనక్స్ ఆధారిత ఆపరేటింగ్ సిస్టమ్ ఉబుంటు మన ఆర్టీసీ బస్సులాంటిది. ఏటా ఏప్రిల్‌లో, అక్టోబర్‌లో కదులుతుంది; ఎక్కలేని ఫీచర్ తర్వాతి బస్సుకి రావాలి. 24.04 అంటేనే 2024 ఏప్రిల్. అలాంటిదే మరొకటైన డెబియన్ వాళ్లది షేర్ ఆటో పద్ధతి: నిండాకే, అంటే సిద్ధమయ్యాకే బయల్దేరుతుంది. లైనక్స్‌కు గుండెకాయలాంటి కెర్నెల్‌లో రెండు వారాలు కొత్త మార్పులు తీసుకుని తలుపు వేసేస్తారు. ఆపైన దాదాపు వారానికొక రిలీజ్ క్యాండిడేట్, ఏడో ఎనిమిదో అయ్యాక అసలు వర్షన్. మీ అమ్మాయి ప్రాజెక్టుది ఏ పద్ధతో అడగండి. బస్సు రకమైతే జాగారాలు ఏ వారంలో వస్తాయో ముందే తెలుస్తుంది, ఇంట్లో క్యాలెండర్ మీద రాసుకోవచ్చు.

జీతం లేదని మీరు బాధపడుతున్నారు. నాకు అంతకంటే ఆ ఒంటిగంట మాట దగ్గర భయం వేసింది. ఈ పనిలో ఆమెకు తోడెవరైనా ఉన్నారా? ఎక్స్‌జెడ్ అని ఫైళ్లను కుదించే చిన్న సాఫ్ట్‌వేర్ ఉంది, లైనక్స్ ఉన్న దాదాపు ప్రతిచోటా ఉంటుంది. దాన్ని రాసినాయన ఏళ్ల తరబడి దాదాపు ఒక్కడే చూసుకుంటూ అలసిపోయాడు. సాయం చేస్తానని వచ్చిన వ్యక్తి నమ్మకం సంపాదించి, విడుదల బాధ్యత అందుకుని, 2024లో 5.6.0, 5.6.1 వర్షన్లలో దొంగదారి పెట్టాడు. దాన్ని తెరిచే తాళంచెవి లాంటి ఫైలు అందరూ చూసే గిట్ కోడ్‌లో లేదు, విడుదల చేసిన ప్యాకేజీలోనే ఉంది. లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందేమిటని ఒక ఇంజినీర్ తవ్వితే బయటపడింది. గుమాస్తా పని అనుకునే చోట ఎంత పెత్తనం ఉందో చూశారా?

అందుకే పెద్ద ప్రాజెక్టుల్లో దీన్ని ఒక్కరి మీద వదలరు. అపాచీ అనే ఓపెన్ సోర్స్ సంస్థ ప్రాజెక్టుల్లో విడుదలకు కనీసం మూడు అనుకూల ఓట్లు పడాలి, మామూలుగా 72 గంటలు ఆగుతారు. సర్వర్ల మీద ప్రోగ్రాములను నడిపించే కూబర్నెటీస్‌లో ప్రతి విడుదలకూ ఒక బృందం ఉంటుంది, దాంట్లో అనుభవజ్ఞుల వెంట నడిచి నేర్చుకునే షాడోలను తీసుకుంటారు. కొత్తవాళ్లూ దరఖాస్తు చేయొచ్చు, మీ అమ్మాయి చేసి చూడమనండి. ఇప్పుడున్న ప్రాజెక్టులోనూ రెండో మనిషిని అడగమనండి. విడుదల అసలైనదేనని చూపే డిజిటల్ సంతకం పెట్టే కీ ఎవరెవరి దగ్గర ఉంది, తాను నెల రోజులు మాయమైతే ఎవరు చూస్తారు అన్నది రాతలో ఉండాలి. లేదంటే ఆ బాధ్యత వదిలేయమనే నా సలహా, మొహమాటం వద్దు.

ఇక అమీర్‌పేట. ఆ కోర్సులను నేను తీసిపారేయను. ఈ పనికి వాడే జెంకిన్స్, డాకర్ వగైరా సాఫ్ట్‌వేర్లను ఒక వరుసలో చెబుతారు, సెలవుల్లో చేరితే నష్టం లేదు. కాకపోతే నా ముందుకొచ్చే రెజ్యూమెల్లో చాలావాటిలో అవే పేర్లు, అదే వరుసలో, ఒక్కోసారి అవే స్పెల్లింగ్ తప్పులతో సహా ఉంటాయి. "విడుదల చేశాక చెడిపోతే ఏం చేశావు?" అని ఇంటర్వ్యూలో అడిగితే నోరు పెగలదు. మీ అమ్మాయి దగ్గర దానికి జవాబుంది, అదీ ఎవరైనా తెరిచి చూడగల చోట, తేదీలతో సహా. హైటెక్ సిటీ కంపెనీల్లో రిలీజ్ ఇంజినీర్, బిల్డ్ ఇంజినీర్, ఎస్ఆర్ఈ (సేవలు ఆగకుండా చూసే ఇంజినీర్) అనే ఉద్యోగాలకు దగ్గరి పని ఇది. అయితే క్యాంపస్ ప్లేస్‌మెంట్లలో మొదటి వడపోత ఆప్టిట్యూడ్, కోడింగ్ పరీక్షలే. చేంజ్‌లాగ్ ఎంత బాగా రాసినా ఆ గేటు దాటించదు. వారానికి ఆరేడు గంటలు కోడింగ్ సాధనకు విడిగా ఉంచాల్సిందే.

మాన్పించకండి, కొలత పెట్టండి. రెండు విడుదలలు పూర్తిచేసి, మూడోదానికి ఇంకొకరికి నేర్పి అప్పగించమనండి. అప్పగింత కాగితం తానే రాస్తే రెజ్యూమెలో అదీ ఒక వాక్యమవుతుంది. సెమిస్టర్ పరీక్షల తేదీలు రాగానే, ఆ వారాల్లో తాను అందుబాటులో ఉండనని ప్రాజెక్టు వాళ్లకు ముందే రాసి పంపమనండి. ఓపెన్ సోర్స్‌లో అది మామూలే, ఎవరూ ఏమీ అనుకోరు.