కౌన్సిల్ డిస్ట్రిక్టుల సరిహద్దులు మార్చేటప్పుడు వీసాదారుల మాట చెల్లుతుందా?

సందేహం: మేము కాలిఫోర్నియాలో, బే ఏరియాలోని ఒక నగరంలో ఉంటున్నాం. 2020 జనాభా లెక్కల తర్వాత సిటీ కౌన్సిల్ డిస్ట్రిక్టుల సరిహద్దులు మార్చినప్పుడు మా కాలనీ మధ్యనున్న పెద్ద రోడ్డునే హద్దుగా తీసుకున్నారు. దాంతో ఇటువైపు ఇళ్లు ఒక డిస్ట్రిక్టులో, అటువైపు ఇళ్లు మరో డిస్ట్రిక్టులో పడ్డాయి. నేను హెచ్-1బి వీసాపై ఉన్నాను, నాకు ఓటు లేదు. అసలు ఆ లెక్కలో నన్ను చేర్చారా? చేర్చితే ఈ విభజన గురించి అడిగే హక్కు నాకు ఉందా? రోడ్డుకు అటువైపు ఉండే మా అన్నయ్య అమెరికా పౌరుడు. 2018లో కౌన్సిల్‌కు ఓటు వేసిన ఆయనకు 2022లో ఆ అవకాశమే రాలేదు. ఇది చట్టానికి లోబడే జరిగిందా? ఇప్పుడు కోర్టుకు వెళ్లవచ్చా? పిల్లల బడి కూడా మారిపోతుందేమోనని ఇంట్లో భయపడుతున్నారు.

సమాధానం: ముందుగా ఇంట్లోవారి భయం తీరుస్తాను. సిటీ కౌన్సిల్ డిస్ట్రిక్టు అంటే ఒక కౌన్సిల్ సభ్యుణ్ని ఎన్నుకునే ప్రాంతం మాత్రమే. పిల్లలు ఏ బడికి వెళ్లాలన్నది స్కూల్ డిస్ట్రిక్టు తన హద్దులను బట్టి విడిగా నిర్ణయిస్తుంది కాబట్టి, కౌన్సిల్ గీత మారినంత మాత్రాన బడి మారదు. ఇంటి చిరునామా, ఆస్తి పన్ను కూడా మారవు. మన ఊళ్లలో మునిసిపల్ వార్డుల విభజన అనగానే ఏ వార్డు ఎవరికి రిజర్వు అవుతుందన్న ప్రశ్న దాని వెంటే వస్తుంది. ఇక్కడ కౌన్సిల్ స్థానాలకు రిజర్వేషన్లు లేవు కనుక ఆ చింత కూడా అక్కర్లేదు.

ఇక మీ మొదటి ప్రశ్న. అవును, లెక్కల తేదీకి మీరు ఆ ఇంట్లో ఉంటూ ఫారం నింపి ఉంటే మిమ్మల్ని లెక్కించారు. అమెరికా జనాభా లెక్కలు 2020 ఏప్రిల్ 1 నాటికి ఎవరు సాధారణంగా ఎక్కడ నివసిస్తున్నారో చూస్తాయి తప్ప వారి పౌరసత్వాన్ని చూడవు. ఫారంలో పౌరసత్వం గురించిన ప్రశ్న చేర్చాలని అప్పటి కేంద్ర ప్రభుత్వం ప్రయత్నించినా, అందుకు చూపిన కారణం నమ్మదగినదిగా లేదని 2019లో సుప్రీంకోర్టు చెప్పడంతో ఆ ప్రశ్న లేకుండానే ఫారాలు వచ్చాయి. వీసా గడువు, గ్రీన్‌కార్డు దరఖాస్తు వంటి విషయాలు బయటపడతాయేమోనన్న జంకుతో ఫారం నింపని తెలుగు కుటుంబాలు నాకు తెలుసు, అది నన్ను బాధించే విషయం. జనాభా లెక్కల చట్టం ప్రకారం వ్యక్తుల వివరాలు 72 ఏళ్లపాటు గోప్యంగా ఉండాలి. వాటిని బయటపెట్టిన ఉద్యోగికి 5 ఏళ్ల వరకు జైలు శిక్ష, 2,50,000 డాలర్ల వరకు జరిమానా పడవచ్చు.

మిమ్మల్ని లెక్కించడమే కాదు, ఆ లెక్కతోనే డిస్ట్రిక్టులను గీయాలి. దీని వెనుక కొంత చరిత్ర ఉంది. రాష్ట్ర చట్టసభల నియోజకవర్గాల్లో జనాభా దాదాపు సమానంగా ఉండాలని సుప్రీంకోర్టు 1964లో రెనాల్డ్స్ వర్సెస్ సిమ్స్ కేసులో చెప్పింది. స్థానిక సంస్థలకు కూడా ఇదే సూత్రం వర్తిస్తుందని 1968లో ఏవరీ వర్సెస్ మిడ్‌లాండ్ కౌంటీ కేసులో తేల్చింది. టెక్సాస్‌లోని ఆ కౌంటీలో, దాదాపు మిడ్‌లాండ్ నగరమంతా ఉన్న ఒక డిస్ట్రిక్టులో 67,906 మంది ఉంటే, మిగతా మూడింటిలో 852, 414, 828 మంది మాత్రమే ఉన్నారు. నలుగురు ప్రతినిధుల ఓట్లకూ ఒకే విలువ. నగరంలో ఉన్నవారి మాటకు విలువ లేకుండా పోయిందనడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ నేను చూడలేదు.

సమానత్వం అంటే ఎవరి సంఖ్యను సమానం చేయాలి, నివాసులదా, ఓటర్లదా? మీ ప్రశ్నకు అసలు మూలం ఇక్కడే ఉంది. లాస్ ఏంజిలస్ కౌంటీని పాలించే సూపర్‌వైజర్ల డిస్ట్రిక్టులను 1981లో గీసినప్పుడు, పదవిలో ఉన్నవారి స్థానాలు కాపాడుకోవడం కోసం హిస్పానిక్ జనాభాను ముక్కలు చేశారని దావా పడింది. ఓటు హక్కు ఉన్న పౌరుల సంఖ్యనే సమానం చేయాలని కౌంటీ వాదించగా, కాలిఫోర్నియా కూడా పరిధిలో ఉన్న కేంద్ర అప్పీళ్ల కోర్టు, నైన్త్ సర్క్యూట్, 1990లో గార్జా కేసులో దాన్ని తోసిపుచ్చింది. ఓటు లేనివారికి కూడా తమ ప్రతినిధి దగ్గరకు వెళ్లి కష్టం చెప్పుకునే హక్కు ఉందని, వారు ఎక్కువగా ఉన్న ప్రాంతానికి ప్రాతినిధ్యం తగ్గిస్తే ఆ హక్కుకు భంగం కలుగుతుందని ఆ తీర్పు సారాంశం. 2016లో ఎవెన్‌వెల్ వర్సెస్ ఆబట్ కేసులో మొత్తం జనాభాను ప్రాతిపదికగా తీసుకోవచ్చని సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా అంగీకరించింది. ఓటర్ల సంఖ్యను మాత్రమే తీసుకోవచ్చా అన్న ప్రశ్నను మాత్రం అది తేల్చకుండా వదిలేసింది. కాలిఫోర్నియాలో నగరాలకు ఆ సందిగ్ధత లేదు. కౌన్సిల్ డిస్ట్రిక్టులు తాజా జనాభా లెక్కల్లోని మొత్తం నివాసుల సంఖ్య ఆధారంగానే సమానంగా ఉండాలని రాష్ట్ర ఎన్నికల చట్టం స్పష్టంగా చెబుతోంది.

సమానం అంటే ఒక్క మనిషి కూడా తేడా ఉండకూడదని కాదు. ఉదాహరణకు 2,40,000 జనాభా ఉన్న నగరంలో 6 డిస్ట్రిక్టులుంటే ఒక్కోదానికి సగటున 40,000 మంది వస్తారు. అతిపెద్ద, అతిచిన్న డిస్ట్రిక్టుల మధ్య తేడా సగటులో 10 శాతం, అంటే 4,000 లోపు ఉంటే కోర్టులు దాన్ని సాధారణంగా స్వల్ప తేడాగానే చూస్తాయి. ఆ లోపు తేడాను సవాలు చేసేవారు దాని వెనుక దురుద్దేశం ఉందని నిరూపించవలసి ఉంటుంది.

మాట్లాడే హక్కు గురించి సందేహమే వద్దు. 1953 నుంచి అమల్లో ఉన్న కాలిఫోర్నియా బహిరంగ సమావేశాల చట్టం, బ్రౌన్ యాక్ట్, ప్రకారం స్థానిక సంస్థల సమావేశాల్లో ప్రజలెవరైనా మాట్లాడవచ్చు. పౌరసత్వం, వీసా గురించి అడగడం మాట అటుంచి, సమావేశానికి హాజరు కావాలంటే పేరు నమోదు చేసుకోవాలన్న షరతు పెట్టడానికి కూడా వీల్లేదు. డిస్ట్రిక్టుల విభజనపై జరిగే బహిరంగ సమావేశంలో మీ కాలనీని ఒకే డిస్ట్రిక్టులో ఉంచమని అడగడం, కాగితం మీద మ్యాపు గీసి సమర్పించడం, ఈమెయిలు రాయడం మీరు నిర్భయంగా చేయవచ్చు. అయితే రెండు విషయాల్లో మాత్రం జాగ్రత్త తప్పనిసరి. గ్రీన్‌కార్డు లేని విదేశీయులు కేంద్ర, రాష్ట్ర, స్థానిక ఎన్నికలు వేటికీ విరాళం ఇవ్వకూడదని కేంద్ర చట్టం నిషేధిస్తోంది కాబట్టి, పరిచయం ఉన్న కౌన్సిల్ అభ్యర్థికి మొహమాటం కొద్దీ 50 డాలర్లు ఇచ్చినా అది ఉల్లంఘనే. అలాగే డ్రైవింగ్ లైసెన్సు దరఖాస్తు నింపేటప్పుడు పొరపాటున కూడా ఓటరుగా నమోదు కాకూడదు. పౌరుణ్నని తప్పుగా ప్రకటించడం దేశం నుంచి పంపివేయడానికి దారితీసేంత తీవ్రమైన విషయం.

మీ అన్నయ్యగారికి జరిగింది అన్యాయంగా కనిపించినా చట్టవిరుద్ధం కాదు. మీ వంటి నగరాల్లో కౌన్సిల్ సభ్యుల పదవీకాలం 4 ఏళ్లు, సగం స్థానాలకు ఒకసారి, మిగతా సగానికి రెండేళ్ల తర్వాత ఎన్నికలు జరుగుతాయి. సరిహద్దు మారినా అప్పటికే పదవిలో ఉన్న సభ్యుని కాలం తగ్గదని కాలిఫోర్నియా చట్టం చెబుతోంది. 2018, 2022 వరుసలో ఉన్న ఇంటిని 2020, 2024 వరుసలో ఉన్న డిస్ట్రిక్టులోకి మార్చితే, ఆ ఇంటివారు 2018 తర్వాత మళ్లీ 2024లోనే కౌన్సిల్ సభ్యునికి ఓటు వేస్తారు. ఎదురుగా మీ వైపున్న పౌరులకు ఈ ఆలస్యం లేదు. ఒరెగాన్ సెనేట్ విషయంలో ఇటువంటి ఫిర్యాదే వచ్చినప్పుడు, విభజన వల్ల ఓటు తాత్కాలికంగా వాయిదా పడటం రాజ్యాంగ ఉల్లంఘన కాదని నైన్త్ సర్క్యూట్ 1992లో చెప్పింది. చట్టం అంగీకరించినా దీన్ని నేను చిన్న విషయంగా చూడను. ఆరేళ్లు తక్కువ కాలం కాదు. ముసాయిదా మ్యాపులు వచ్చినప్పుడు ఏ వీధులకు ఈ ఆలస్యం జరుగుతుందో లెక్క చూపమని కౌన్సిల్‌ను గట్టిగా అడగడం పౌరులు చేయగలిగిన పని, చేయవలసిన పని.

కాలనీ మధ్యనుంచి గీత గీయడం సంగతికి వద్దాం. 2019లో వచ్చిన కాలిఫోర్నియా ఫెయిర్ మ్యాప్స్ చట్టం సరిహద్దులు గీసేటప్పుడు పాటించవలసిన అంశాలకు ఒక వరుస పెట్టింది. జనాభా సమానత్వం, రాజ్యాంగం, కేంద్ర ఓటింగ్ హక్కుల చట్టం అన్నిటికంటే పైన ఉంటాయి. వాటి తర్వాత డిస్ట్రిక్టు ఒకే ముక్కగా కలిసి ఉండటం, ఆ తర్వాత వీలైనంత వరకు పేటలను, ఉమ్మడి ప్రయోజనాలున్న సముదాయాలను చీల్చకుండా ఉండటం, దాని తర్వాతే రోడ్లు, వాగుల వంటి సులభంగా గుర్తుపట్టగలిగే హద్దులు, చివరగా డిస్ట్రిక్టు విస్తరించిపోకుండా దగ్గరగా ఉండటం వస్తాయి. అంటే పెద్ద రోడ్డు మంచి హద్దే అయినా, పేటను కలిపి ఉంచడం కంటే అది కింది స్థాయి అంశం. కేవలం రోడ్డు ఉంది కాబట్టి చీల్చామని నగరం చెబితే ఆ జవాబు సరిపోదు. సమాన జనాభా కోసం చీల్చక తప్పలేదని చెబితే మాత్రం సరిపోవచ్చు. అందుకే ముందుగా సిటీ క్లర్క్ కార్యాలయం నుంచి అప్పటి ముసాయిదా మ్యాపులు, జనాభా పట్టికలు, సమావేశాల రికార్డు తీసుకుని చూడండి. మీ కాలనీని కలిపి ఉంచుతూనే జనాభా సమానంగా వచ్చే మ్యాపు ఎవరైనా సమర్పించారా, దాన్ని ఎందుకు పక్కన పెట్టారు అన్నదే కీలకం.

అలాంటి ఆధారం దొరికినా కౌంటీ స్థాయి రాష్ట్ర కోర్టయిన సుపీరియర్ కోర్టులో రిట్ పిటిషన్ వేసి ఇప్పుడు నెగ్గడం కష్టమని స్పష్టంగా చెప్పడం నా బాధ్యత. 2022 నవంబరులో ఎన్నికలు జరిగిన నగరాలు ఆ ఏడాది ఏప్రిల్ 17 లోపు మ్యాపు ఖరారు చేయవలసి వచ్చింది. అప్పుడే అభ్యంతరం చెప్పనివారు ఎన్నికలు జరిగిపోయాక వస్తే ఇంత ఆలస్యం ఎందుకని న్యాయమూర్తి అడుగుతారు. పైగా ఒకసారి ఖరారైన సరిహద్దులను కోర్టు ఆదేశం, దావాలో రాజీ, కొత్త ప్రాంతం నగరంలో కలవడం, డిస్ట్రిక్టుల సంఖ్య మారడం వంటి సందర్భాల్లో తప్ప తర్వాతి జనాభా లెక్కల వరకు మార్చకూడదని రాష్ట్ర చట్టం నిషేధించింది. ఇది మీకు అడ్డంకిగా అనిపించినా, కౌన్సిల్‌లో బలం ఉన్నవారు తమకు అనుకూలంగా ఏటా గీతలు మార్చుకోకుండా కాపాడేది కూడా ఇదే.

కాబట్టి మీ శ్రమను 2030 ఏప్రిల్ 1న జరిగే లెక్కల మీద, ఆ తర్వాత జరిగే విభజన మీద పెట్టమని నా సలహా. మీ నగరంలో మ్యాపును ఖరారు చేసేది కౌన్సిలా, స్వతంత్ర కమిషనా అన్నది ఇప్పుడే తెలుసుకోండి. శాన్ డియాగోలో 9 మంది సభ్యుల స్వతంత్ర కమిషన్ ఆ పని చేస్తుంది. లాస్ ఏంజిలస్‌లో డిస్ట్రిక్టుల విభజనపై కౌన్సిల్ నాయకులు మాట్లాడుకున్న రహస్య సంభాషణ 2022 అక్టోబరులో బయటపడి కౌన్సిల్ అధ్యక్షురాలు రాజీనామా చేయవలసి వచ్చింది. 2024 నవంబరులో అక్కడి ఓటర్లు కూడా స్వతంత్ర కమిషన్‌కే ఓటు వేశారు. తన సరిహద్దును తానే గీసుకునే అధికారం పదవిలో ఉన్నవారి చేతిలో ఉండకూడదన్నది నా దృఢమైన అభిప్రాయం. ఏదైనా పార్టీకి మేలు చేయడానికో కీడు చేయడానికో హద్దులు గీయకూడదని ఫెయిర్ మ్యాప్స్ చట్టంలో మొదటినుంచీ ఉంది. పదవిలో ఉన్నవారికి, అభ్యర్థులకు కూడా ఆ నిషేధాన్ని 2023 సవరణలో విస్తరించారు.

సమావేశంలో మీరు ఎలా మాట్లాడతారన్నది చాలా ముఖ్యం. ఇక్కడ తెలుగువాళ్లం ఎక్కువగా ఉన్నాం, మమ్మల్ని విడదీయవద్దు అని మాత్రమే చెబితే సరిపోదు. జాతి లేదా మూలాలే ప్రధాన ప్రాతిపదికగా గీసిన డిస్ట్రిక్టులు రాజ్యాంగ పరీక్షకు నిలవడం కష్టమని 1993 నాటి షా వర్సెస్ రీనో తీర్పు నుంచి సుప్రీంకోర్టు చెబుతూ వస్తోంది. రోడ్డుకు రెండువైపులా ఉన్న పిల్లలు ఒకే బడికి వెళ్లడం, ఒకే పార్కును, ఒకే బస్సు మార్గాన్ని వాడుకోవడం, అద్దెల సమస్య, రోడ్డు దాటే చోట ప్రమాదాలు, ఇంగ్లీషు రాని వృద్ధులకు కావలసిన సేవలు, ఇవన్నీ చట్టం గుర్తించే ఉమ్మడి ప్రయోజనాలు. రాజకీయ పార్టీతోనో, పదవిలో ఉన్న వ్యక్తితోనో ఉన్న అనుబంధం మాత్రం ఆ కోవలోకి రాదు. మీ కాలనీ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో వీధుల పేర్లతో రాసి, మ్యాపు జతచేసి, ముసాయిదాలు గీయకముందు జరిగే తొలి సమావేశంలోనే ఇవ్వండి. 2021–22 విభజనలో ముసాయిదాకు ముందు ఒకటి, తర్వాత రెండు సహా కనీసం 4 సమావేశాలు జరపాలన్న నిబంధన ఉండేది, అందులో ఒకటైనా వారాంతంలోనో సాయంత్రం 6 తర్వాతో పెట్టాలి. గీత పడిన తర్వాత జరపమని అడగడం కంటే పడకముందే చెప్పడం ఎంతో తేలిక.

ఈలోగా మీ అన్నయ్యగారు కౌంటీ ఓటర్ల రిజిస్ట్రార్ వెబ్‌సైటులో తమ చిరునామాతో డిస్ట్రిక్టు సంఖ్యను, ఆ స్థానానికి తదుపరి ఎన్నిక ఏ ఏడాదిలో ఉందో సరిచూసుకోవాలి. ఇల్లు మారే ఆలోచన ఉంటే, మారే వీధి ఏ వరుసలో ఉందో కూడా అక్కడే తెలుస్తుంది.