పాఠకుల ప్రశ్నలు: ఇంటి వీడియోలు గుట్టగా ఉన్నాయి, కావాల్సింది మాత్రం దొరకదు

ఈసారి ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఇంటి వీడియోల గురించే. పెళ్లిళ్లు, ఊరి ప్రయాణాలు, నాటకాలు, ఫోన్లో తీసినవి, వాట్సాప్‌లో వచ్చినవి అన్నీ హార్డ్‌డిస్కుల్లో పేరుకుపోయాయి, వాటిని ఎలా సర్దుకోవాలని అడిగారు. అందుకే అన్నిటికీ ఒకేచోట జవాబులు.

ప్రశ్న (తెనాలి నుంచి): మా ఇంట్లో 1994 నుంచి తీసిన వీడియోలు ఉన్నాయి. వీహెచ్‌ఎస్ క్యాసెట్లన్నీ షాపులో ఇచ్చి డిజిటల్‌లోకి మార్పించాం. డీవీడీలు, హ్యాండీక్యామ్ ఫైళ్లు, ఫోన్ వీడియోలు కూడా కలిపేసరికి రెండు టీబీ డిస్కు నిండిపోయింది. అమ్మమ్మ మాట్లాడిన ముక్క ఏదో పెళ్లి వీడియోలో ఉందని మాకు తెలుసు, అది ఏ పెళ్లో ఎవరికీ గుర్తులేదు. ఏ సాఫ్ట్‌వేర్ వేసుకోవాలి, ట్యాగులు ఎలా పెట్టాలి?

జవాబు: సాఫ్ట్‌వేర్ పేరు ముందే చెప్పేస్తాను, డిజీక్యామ్ వేసుకోండి. ఉచితం, విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ పనిచేస్తుంది, ఫోటోలతో పాటు వీడియోలనూ చూపిస్తుంది, ట్యాగు కింద ట్యాగు పెట్టుకుంటూ వెళ్లొచ్చు, తెలుగులో టైపు చేస్తే తెలుగులోనే వెతుకుతుంది. అయితే ఏ సాఫ్ట్‌వేర్ అన్నదానికంటే, మీరు పెట్టిన ట్యాగు ఎక్కడ నిల్వ ఉంటుందన్నది పెద్ద ప్రశ్న. చాలా ప్రోగ్రాములు ట్యాగులన్నీ సొంత డేటాబేస్‌లో మాత్రమే దాచుకుంటాయి. కంప్యూటర్ పాడైనా, ఆ కంపెనీ మూతపడ్డా, నెలల తరబడి కూర్చుని పెట్టిన పేర్లన్నీ పోతాయి, వీడియోలు మాత్రం మళ్లీ పేరూ ఊరూ లేకుండా మిగులుతాయి.

అందుకని డిజీక్యామ్ వేసుకున్న రోజే సెట్టింగ్స్‌లో మెటాడేటా (అంటే ఫైలు గురించిన వివరాలు) విభాగం తెరిచి రెండు పనులు చేయండి. ట్యాగులను మెటాడేటాలో రాయమనే గడికి టిక్ పెట్టండి, తర్వాత సైడ్‌కార్స్ అనే ట్యాబ్‌లో చదవడం, రాయడం రెండూ ఆన్ చేయండి. దాంతో మీరు ట్యాగు పెట్టిన ప్రతి వీడియో పక్కనే అదే పేరుతో, చివర ఎక్స్‌ఎంపీ అని ఉన్న చిన్న ఫైలు ఒకటి తయారవుతుంది, సైడ్‌కార్ అంటే అదే. దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడండి, మీరు పెట్టిన పేర్లు తెలుగులో కనిపిస్తాయి. రేపు డిజీక్యామ్ లేకపోయినా ఆ పేర్లు ఎక్కడికీ పోవు. ఒక్క జాగ్రత్త మాత్రం ఉంది. ఫైళ్లను వేరే ఫోల్డర్‌లోకి జరపాలంటే డిజీక్యామ్ లోపలి నుంచే జరపండి, అది రెండింటినీ కలిపి తీసుకెళ్తుంది. బయట మామూలుగా వీడియో ఒక్కదాన్నే కాపీ చేస్తే సైడ్‌కార్ పాత చోటే ఉండిపోతుంది.

డీవీడీల సంగతి ముందే తేల్చుకోండి. ప్రతి పెళ్లి డీవీడీలోనూ ఫైళ్ల పేర్లు ఒకటే, వీటీఎస్ 01 1, వీటీఎస్ 01 2 అని, పైగా వీఓబీ అనే ఈ వీడియో ఫైళ్లలో ఒక్కో ముక్క ఒక జీబీకి మించదు కాబట్టి ఒకే పెళ్లి నాలుగైదు ముక్కలై ఉంటుంది. వాటికి అలాగే ట్యాగులు పెట్టబోతే గందరగోళమే. మేక్‌ఎంకేవీ అనే ప్రోగ్రాం డీవీడీలకు ఉచితం, క్వాలిటీ ఏమాత్రం తగ్గకుండా ముక్కలన్నిటినీ ఎంకేవీ అనే రకం వీడియో ఫైలు ఒక్కటిగా చేసి ఇస్తుంది. ఆ ఫైలుకు తేదీ, సందర్భం, ఊరు వచ్చేలా పేరు పెట్టండి, ఉదాహరణకు 1998-05-10_పెళ్లి_తెనాలి. ఏడాది, నెల, రోజు ఆ వరుసలోనే ఉంటే ఫైళ్లు వాటంతటవే కాలక్రమంలో నిలబడతాయి.

ఇక ట్యాగులు. మనుషులు, ఊళ్లు, సందర్భాలు అని మూడు పెద్ద కొమ్మలు చాలు. ఏడాదికి ట్యాగు అక్కర్లేదు, అది ఫైలు పేరులోనే ఉంది. మనుషుల దగ్గర మాత్రం జాగ్రత్తగా ఉండండి. పెద్దనాన్న, అత్తయ్య, బాబాయి అని వరసలతో ట్యాగులు పెట్టకండి. మీ పెద్దనాన్న మీ అబ్బాయికి తాతయ్య, మీ మేనత్త కూతురికి మేనమామ, ఇరవై ఏళ్ల తర్వాత ఆ ట్యాగు చూసినవాళ్లకు ఏమీ అర్థం కాదు. పేరు, ఇంటిపేరు రాయండి. తాత పేరు మనవడికి పెట్టుకునే ఇళ్లలో పుట్టిన సంవత్సరం కూడా జోడించండి. ఆడవాళ్లకు పుట్టింటి ఇంటిపేరే ఉంచమంటాను, 1994లో పరికిణీలో కనిపించిన అమ్మాయి, 2006లో పిల్లాడిని ఎత్తుకున్న తల్లి ఒకే ట్యాగు కింద దొరకాలి కదా. వరస, అత్తింటి పేరు వివరణ గడిలో రాసుకోవచ్చు.

అన్నీ మొదటి నుంచి చివరిదాకా చూస్తూ కూర్చుంటే ఈ పని ఎప్పటికీ తెమలదు. పెళ్లి వీడియోలో మీకు కావాల్సిన చోటు ఒకటుంది. తలంబ్రాలు అయ్యాక చుట్టాలంతా వరసగా స్టేజీ ఎక్కి అక్షింతలు వేసి, దంపతుల పక్కన నిలబడి కెమెరా వైపు చూసే భాగం. ఒక్కో కుటుంబం నాలుగు క్షణాలు కదలకుండా నిలబడుతుంది, ముఖాలు నేరుగా కనిపిస్తాయి, లైటు కూడా అక్కడే బాగుంటుంది. ఆ భాగం ఒక్కటే టీవీలో పెట్టి ఇంట్లో పెద్దవాళ్లను ఎదురుగా కూర్చోబెట్టండి. ఒక్కొక్కరు రాగానే ఆపి, ఎవరో అడిగి, పేరు, నిమిషం రాసుకోండి. వాళ్లు చెప్పేటప్పుడు ఫోన్‌లో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి పక్కన పెట్టండి, ఎందుకంటే పేరుతో పాటు ఆ మనిషి ఎవరి తాలూకో, ఏ ఊళ్లో ఉండేవారో కూడా చెబుతారు, అదంతా రాసుకునే వీలుండదు. పాత వీహెచ్‌ఎస్‌లో బొమ్మ స్పష్టత ఎంత తక్కువో మీకు తెలుసు, ముఖాలు గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్ల మీద ఆశ పెట్టుకోకండి. ఎనభై ఏళ్ల మీ పెద్దమ్మ నడక చూసి చెప్పేది ఏ కంప్యూటరూ చెప్పలేదు. ఫోన్ వీడియోలు, టూర్ వీడియోలు తర్వాత చూసుకోవచ్చు, వాటిలో ఉన్నది మీరే. చెప్పగలిగే మనుషులు ఉన్నంతలో ఈ పాత పెళ్లిళ్ల పని ముందు పూర్తి చేయండి. మీ అమ్మమ్మగారి ముక్క కూడా ఎక్కువగా ఈ వరస చూస్తున్నప్పుడే ఎవరో ఒకరికి గుర్తొస్తుంది.

ప్రశ్న (కరీంనగర్ నుంచి): మా చెల్లి పెళ్లి ముహూర్తం తెల్లవారుజామున 3.40కి. సాఫ్ట్‌వేర్‌లో చూస్తే ఆ వీడియో ముందు రోజు రాత్రి పదింటికి తీసినట్టు చూపిస్తోంది, దాంతో జీలకర్ర బెల్లం ఎదుర్కోళ్ల కంటే ముందుకు వచ్చేసింది. ఇంకొన్నింటికి 1904 అని చూపిస్తోంది. ఫైళ్లు పాడైపోయాయా?

జవాబు: ఫైళ్లకేమీ కాలేదు, టెన్షన్ వద్దు. ఎంపీ4, ఎంఓవీ ఫైళ్ల లోపల తీసిన సమయాన్ని యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయంలో రాయాలన్నది నియమం. మన సమయం దానికంటే ఐదున్నర గంటలు ముందు. 3.40 లోంచి ఐదున్నర గంటలు తీసేస్తే ముందు రోజు రాత్రి 10.10 వస్తుంది, మీకు కనిపిస్తున్నది అదే. ఫోన్లు సాధారణంగా ఈ నియమం పాటిస్తాయి, చాలా కెమెరాలు మాత్రం లోకల్ టైమే అక్కడ రాసేస్తాయి. ఒకే పెళ్లికి ఫోనూ కెమెరా రెండూ వాడితే సగం ఫైళ్లు ఐదున్నర గంటలు వెనక్కి పోయి వరస చెదిరేది ఇందుకే. ఒక్కో పరికరం నుంచి, మీకు సమయం కచ్చితంగా తెలిసిన ఒక వీడియో తీసుకుని, ఫైలు లోపలి వివరాలు చూపించే మీడియాఇన్ఫో అనే ప్రోగ్రాంలో తెరిచి పోల్చండి. ఏది తేడాగా ఉందో తెలిశాక ఆ పరికరం ఫైళ్లన్నిటినీ డిజీక్యామ్‌లోనే ఒకేసారి ఐదున్నర గంటలు జరపొచ్చు.

1904 అంటే ఆ గడి ఖాళీగా ఉందని. ఈ రకం ఫైళ్లలో కాలం లెక్క 1904 జనవరి 1 నుంచి మొదలవుతుంది, అక్కడ సున్నా ఉంటే కొన్ని ప్రోగ్రాములు ఆ తేదీనే చూపిస్తాయి. ఎడిటింగ్‌లోంచో, మార్పిడి చేసే సాఫ్ట్‌వేర్‌లోంచో బయటికి వచ్చిన ఫైళ్లకు ఇది మామూలే. క్యాసెట్ల నుంచి ఎక్కించినవాటికి తేదీ ఉన్నా అది షాపువాళ్లు ఎక్కించిన రోజే.

అలాంటివాటికి అసలు తేదీ శుభలేఖలో వెతకండి. బీరువాలో ఎక్కడో ఒక పాత శుభలేఖ దొరక్కపోదు, తేదీ, ముహూర్తం, కల్యాణ మండపం అన్నీ అందులోనే ఉంటాయి. ఒక విషయం గమనించండి. మనకు పంచాంగం ప్రకారం వారం మారేది సూర్యోదయంతో, అందుకే తెల్లవారుజాము ముహూర్తాలకు శనివారం రాత్రి తెల్లవారితే ఆదివారం అని అచ్చు వేస్తారు. ఇంట్లో అందరూ శనివారం పెళ్లి అనే అంటారు. ఫోల్డర్ పేరులో ఇంట్లోవాళ్లు చెప్పే తేదీ పెట్టండి, ఫైళ్ల లోపల గడియారం తేదీనే ఉంచండి. ఫోల్డర్ పేరు చూసి మీవాళ్లు పెళ్లిని గుర్తుపడతారు, లోపలి వరస కూడా చెడదు. శుభలేఖను ఫోటో తీసి అదే ఫోల్డర్‌లో వేయండి. నెల కూడా తెలియకపోతే ఏడాది వరకే రాసి వదిలేయండి, ఊహించి తేదీ వేయడం తప్పు.

ప్రశ్న (విజయనగరం నుంచి): వాట్సాప్‌లో వచ్చిన వీడియోలు వేలల్లో ఉన్నాయి, అవి కూడా క్యాటలాగులో చేర్చాలా?

జవాబు: అన్నీ వద్దు. మీ ఇంటివాళ్లు తీసినవి మాత్రం ఏరి, మిగతావి తీసేయండి. ఆండ్రాయిడ్‌లో ఆ ఫైలు పేరులో కనిపించే తేదీ అది మీకు వచ్చిన రోజు, తీసిన రోజు కాదు. పైగా వాట్సాప్ వీడియోను కుదించి పంపుతుంది. ముఖ్యమైనదైతే తీసినవాళ్లనే అడగండి, వీడియోలా కాకుండా డాక్యుమెంట్‌గా పంపమనండి, రెండు జీబీల వరకు అసలు ఫైలు యథాతథంగా వస్తుంది.

ప్రశ్న (ప్రొద్దుటూరు నుంచి): మా నాన్నగారు పౌరాణిక నాటకాల అభిమాని, చాలా ఊళ్లలో రాత్రంతా జరిగిన నాటకాలు రికార్డు చేయించి పెట్టుకున్నారు. ఒక్కో ఫైలు గంటల కొద్దీ ఉంది. ఏ పద్యం ఎక్కడుందో, ఎవరు పాడారో వెతికేలా చేయగలమా?

జవాబు: చేయగలరు, తప్పకుండా చేయండి. ఆ నాటకాలు ఆడినవాళ్లలో చాలామంది గొంతు ఇలాంటి ఇంటి రికార్డింగుల్లో తప్ప మరెక్కడా దొరకదు.

ఫైలు మొత్తానికి పెట్టే ట్యాగు ఇక్కడ చాలదు, ఫైలు లోపల గుర్తులు కావాలి. ఎంకేవీటూల్‌నిక్స్ అనే ఉచిత ప్రోగ్రాంతో మీ ఎంపీజీ, ఏవీఐ ఫైళ్లను ఎంకేవీలోకి మార్చండి, ఇందులోనూ బొమ్మకు, ధ్వనికి ఏ మార్పూ రాదు. అందులోనే చాప్టర్ ఎడిటర్ ఉంది. పద్యం మొదలయ్యే సమయం వేసి, పక్కన పేరు తెలుగులో రాస్తే చాలు, వీఎల్‌సీ ప్లేయర్‌లో చాప్టర్ల జాబితాలో ఆ పేరు నొక్కగానే నేరుగా అక్కడికి వెళ్తుంది. పేరుగా పద్యం ఎత్తుగడలోని మొదటి రెండు మూడు మాటలు రాయండి, నాటకం తెలిసినవాళ్లు పద్యాన్ని గుర్తుపెట్టుకునేది అలాగే.

కృష్ణుడు అని మాత్రం రాసి వదిలేయకండి. ఒకే నాటకంలో, ఒకే రాత్రి, పడక సీను కృష్ణుడు ఒకరు, రాయబారం కృష్ణుడు మరొకరు అన్నది మీకు చెప్పక్కర్లేదు. పాత్ర, నటుడి పేరు, రంగం మూడూ చాప్టర్ పేరులోనే ఉండాలి. హార్మోనియం ఎవరో తెలిస్తే ఆ పేరు కూడా మనుషుల ట్యాగుల్లో చేర్చండి, వాళ్ల పేరు కరపత్రంలో చిన్న అక్షరాల్లో ఉంటుంది, కరపత్రం పోతే పేరూ పోతుంది. చాప్టర్ల జాబితా మొత్తాన్ని డిజీక్యామ్ వివరణ గడిలో కూడా అతికించండి, అప్పుడు పద్యం మొదటి మాట కొట్టినా ఆ వీడియో బయటికి వస్తుంది. ఫాస్ట్ వీడియో క్యాటలాగర్ అని విండోస్‌కు డబ్బు పెట్టి కొనే ప్రోగ్రాం ఉంది, వీడియోను దృశ్యాలుగా పరిచి ఒక్కో దృశ్యానికి ట్యాగు పెట్టనిస్తుంది, పని వేగంగా సాగుతుంది. కానీ ఇలాంటి అరుదైన సేకరణకు, గుర్తులు ఫైలు లోపలే ఉండిపోయే చాప్టర్ల పద్ధతికే నా ఓటు.

ప్రశ్న (డాలస్ నుంచి): అమ్మానాన్నలు విజయవాడలో, నేను ఇక్కడ. వీడియోల కాపీ ఇద్దరి దగ్గరా ఉంది. అక్కడ అక్క, ఇక్కడ నేను కలిసి ట్యాగులు పెట్టొచ్చా? ఇండియా వచ్చినప్పుడు తీసిన పాత వీడియోల్లో టైము అంతా తప్పుగా ఉంది.

జవాబు: టైము సంగతి సులభం. కెమెరా గడియారం డాలస్ టైములోనే ఉండిపోయి ఉంటుంది. సంక్రాంతికి వచ్చినప్పటివైతే పదకొండున్నర గంటలు, వేసవి సెలవుల్లోవైతే పదిన్నర గంటలు ముందుకు జరపండి. ముందు ఒక కాపీ మీద చేసి సరిచూసుకోండి.

కలిసి పనిచేయాలంటే డిజీక్యామ్ డేటాబేస్ ఫైలును క్లౌడ్ ఫోల్డర్‌లో పెట్టి ఇద్దరూ తెరిచే ప్రయత్నం చేయకండి, అది పాడయ్యే ప్రమాదం ఉంది. ఎవరి కంప్యూటర్‌లో వాళ్ల డేటాబేస్ ఉండనివ్వండి. రెండు చోట్లా ఫోల్డర్లు, ఫైళ్ల పేర్లు అచ్చంగా ఒకేలా ఉంచండి, ట్యాగుల జాబితా ముందే కూర్చుని ఖాయం చేసుకోండి. ట్యాగులు తెలుగు లిపిలోనే పెట్టండి, ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తే లక్ష్మి ఒక్క పేరునే అక్క ఒకలా, మీరు ఇంకోలా రాస్తారు. తర్వాత పని పంచుకోండి, 2000కు ముందువి అక్కకు వదిలేయండి, అడగడానికి పెద్దవాళ్లు అక్కడున్నారు. ఒక ఏడాది పూర్తవగానే అక్క ఆ సైడ్‌కార్ ఫైళ్లు మాత్రం జిప్ చేసి మెయిల్‌లో పంపితే సరిపోతుంది, వీడియోలు ఎన్ని జీబీలున్నా అవి కొన్ని కేబీలే. మీరు వాటిని అవే ఫోల్డర్లలో వేసి, ఆ వీడియోలను ఎంచుకుని, మెటాడేటాను ఫైళ్ల నుంచి మళ్లీ చదవమని డిజీక్యామ్‌కు చెప్పండి, అక్క పెట్టిన పేర్లన్నీ మీ దగ్గరా వచ్చేస్తాయి.