ఫొటోల్లో లేని నెలల గురించి ఇంట్లో చెప్పండి

ప్రశ్న: మాది కూకట్‌పల్లి. బీటెక్ మూడో ఏడాది చదువుతున్నాను. కాలేజీ ఎక్స్ఛేంజ్ ప్రోగ్రామ్‌లో ఒక సెమిస్టర్ జర్మనీలో చదివి ఫిబ్రవరి ఆఖరులో తిరిగొచ్చాను. వచ్చిన దగ్గర్నుంచి ఇంట్లో రోజూ గొడవే. గది తలుపు వేసుకుంటే అమ్మకు కోపం. మొన్న ఆదివారం పిన్నివాళ్లు చెప్పకుండా వస్తే ‘ఒక ఫోన్ చేసి రావచ్చుగా’ అన్నాను. అది పిన్ని చెవిన పడింది. ‘అయిదు నెలలకే ఇంత మారిపోయావు, ఎంఎస్‌కి పంపితే మమ్మల్ని గుర్తుపడతావా’ అని అమ్మ ఏడ్చింది. నిజానికి నేను అక్కడా సంతోషంగా లేను. డిసెంబరులో చాలా రోజులు ఏడ్చాను. ఒక సబ్జెక్టు మధ్యలో వదిలేశాను. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. ఇక్కడ నోరు తెరిస్తే ఫ్రెండ్స్ ‘మొదలైందిరా జర్మనీ పురాణం’ అంటున్నారు. నిద్ర సరిగా పట్టడం లేదు. నాకేమైంది?
– ఒక విద్యార్థిని, హైదరాబాద్

జవాబు: ‘ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు’ అని రాశారే, నాకు మీ గొడవ మొత్తం అక్కడే కనిపిస్తోంది.

ఆ అయిదు నెలల్లో మీ అమ్మగారు చూసినవి మీ వాట్సాప్ స్టేటస్‌లు. క్రిస్మస్ మార్కెట్ దీపాలు, మంచు, కొత్త స్నేహితులతో సెల్ఫీలు. ఫోన్ చేస్తే ‘బాగున్నానమ్మా, తిన్నానమ్మా’. ఆవిడ లెక్కలో కూతురు హాయిగా తిరిగొచ్చింది, ఇప్పుడు ఇల్లు ఆనడం లేదు. అక్కడ నిజంగా జరిగింది ఆవిడకు తెలిసే దారేది? అక్టోబరు ఆఖరి ఆదివారం జర్మనీలో గడియారాలు గంట వెనక్కి జరుపుతారు. మనకూ వాళ్లకూ మూడున్నర గంటల తేడా కాస్తా నాలుగున్నర అవుతుంది. రాత్రి తొమ్మిదిన్నరకు వంటిల్లు సర్దుకుని అమ్మ చేసే ఫోన్ అంతవరకు మీకు సాయంత్రం ఆరింటికి వచ్చేది, ఆ తర్వాత అయిదింటికి, క్లాసులోనో ల్యాబ్‌లోనో ఉండగా వస్తుంది. మీరు ఎత్తరు. ‘అక్కడికెళ్లి బిజీ అయిపోయింది’ అని ఇక్కడ అనుకుంటారు. డిసెంబరులో నాలుగింటికే చీకటి. ఆదివారం సూపర్ మార్కెట్లు మూత. శనివారం పాలు తెచ్చుకోవడం మరిచిపోతే ఆ పూట టీ కూడా లేదు. బ్లాక్డ్ అకౌంట్‌లో నాన్న ముందే వేసిన డబ్బు నెలనెలా కొంత కొంత చేతికొస్తుంటే, ఒక కాఫీ తాగడానికి కూడా యూరోలను రూపాయల్లోకి మార్చి చూసుకుని వెనక్కి తగ్గే పిల్లలు నా దగ్గరికి వస్తుంటారు. ఇవేవీ స్టేటస్‌లో పెట్టరుగా.

‘నాకేమైంది’ అని అడిగారు. చాలామందికి అయ్యేదే. అమెరికాలో చదువుకుని వచ్చిన నార్వే వాళ్లను పరిశీలించి లిస్‌గార్డ్ అనే పరిశోధకుడు 1955లోనే రాశాడు: మొదట ఉత్సాహం, కొన్నాళ్లకు దిగులు, ఆ తర్వాత మెల్లగా కుదురుకోవడం అని. 1963లో గలహార్న్ దంపతులు దానికి ఇంకొకటి చేర్చారు. సొంతింటికి తిరిగొచ్చాక కూడా ఇలాంటి దిగులే ఇంకోసారి వస్తుందని. రెండేళ్లు ఉన్నవాళ్లకు ఈ రెండింటి మధ్య కుదురుకోవడానికి కొంచెం వ్యవధి దొరుకుతుంది. ఒక్క సెమిస్టర్‌కి వెళ్లినవాళ్లకు అదీ ఉండదు. మనసు కాస్త కుదుటపడే సరికి పరీక్షలు, సూట్‌కేసు సర్దుకోవడం, శంషాబాద్. మీకు రెండు దిగుళ్లూ ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. అందుకే ఈ అయిదు నెలల్ని బట్టి ఎంఎస్‌కి వెళ్లాలా వద్దా అని ఇప్పుడే తేల్చకండి. అమ్మను కూడా తేల్చనివ్వకండి.

పిన్ని విషయంలో తప్పు మీదే. అక్కడ స్నేహితులు కూడా తేదీ, టైమ్ అనుకుని కలుస్తారు, మీకు అలవాటైంది, సరే. కానీ ఆ ఇంటికి పిన్ని ఏనాడూ అడిగి రాలేదు, ఇప్పుడు కొత్తగా అడగాలని ఆవిడకెలా తెలుస్తుంది? ఫోన్ చేసి ‘సారీ పిన్నీ, చిరాకులో అనేశాను’ అనండి. జర్మనీ పద్ధతులు వివరించకండి, ఇంకా కాలుతుంది. తలుపు సంగతి వేరు. నెలల తరబడి ఒక్కరే ఒక గదిలో ఉండి వచ్చిన మనిషికి రోజూ ఒక గంట తలుపు వేసుకోవాలనిపించడంలో తప్పేమీ లేదు. ‘ఏడు నుంచి ఎనిమిది దాకా చదువుకుంటానమ్మా’ అని ముందే చెప్పి వేసుకోండి. చెప్పకుండా వేసిన తలుపుకీ చెప్పి వేసిన తలుపుకీ మన ఇళ్లలో చాలా తేడా ఉంది.

ఇక అసలు పని, అమ్మకు చెప్పడం. ‘నీతో ఒక విషయం మాట్లాడాలి’ అని మాత్రం మొదలుపెట్టకండి. మన అమ్మలు ఆ మాట వినగానే నేరుగా ప్రేమ వ్యవహారం దాకా వెళ్లిపోతారు. ఆవిడ గోంగూర ఒలుచుకుంటూ ఉన్నప్పుడు పక్కన కూర్చుని మీరూ ఒక కట్ట తీసుకోండి. డిసెంబరులో ఏదో ఒక్క రోజు గురించి చెప్పండి, పొద్దున లేచిన దగ్గర్నుంచి. ఏం తిన్నారు, ఎందుకు ఏడ్చారు, ఆ సాయంత్రం ఫోన్‌లో ఆవిడకు ఏమని చెప్పారు. ‘అప్పుడే ఎందుకు చెప్పలేదే’ అని ఆవిడ కోప్పడితే పడనివ్వండి. ‘చెబితే నువ్వు నిద్రపోవని’ అంటే చాలు.

ఫ్రెండ్స్ గురించి నాకు పెద్ద బెంగ లేదు. ‘అక్కడైతే’ అన్న మాట కొన్నాళ్లు మానేయండి. వచ్చే ఏడాది వెళ్లబోయేవాళ్లు మీ కాలేజీలోనే ఉంటారు, వాళ్లకు ఈ కబుర్లు కావాలి. డిసెంబరు సంగతి కూడా దాచకుండా చెప్పండి.

నిద్ర మాత్రం తేలిగ్గా తీసుకోకండి. ఇంకో రెండు వారాలు ఇలాగే ఉన్నా, తిండి తగ్గినా, క్లాసులకు వెళ్లబుద్ధి కాకపోయినా సైకాలజిస్టును కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

నాన్నగారికి సబ్జెక్టు విషయం చెప్పే ముందు కాలేజీలో ఒక పని పూర్తి చేసుకోండి. మామూలుగా అక్కడ సెమిస్టర్‌కి 30 ఈసీటీఎస్ (యూరప్‌లో చదువును లెక్కగట్టే పద్ధతి) క్రెడిట్లు, ఒక సబ్జెక్టు వదిలేస్తే అందులో కొన్ని తగ్గుతాయి. వెళ్లే ముందు మీరు సంతకం చేసిన లెర్నింగ్ అగ్రిమెంట్, అంటే అక్కడ చదవబోయే సబ్జెక్టులు రాసుకున్న ఒప్పందం, తీసుకుని డిపార్ట్‌మెంట్ కోఆర్డినేటర్ దగ్గరికి వెళ్లి, వదిలేసిన దాని బదులు ఇక్కడ ఏం రాయాలో, ఎప్పుడు రాయాలో అడిగి, జవాబు ఈమెయిల్‌లో పంపమనండి. ఆ జవాబు చేతిలో ఉంటే ‘ఒకటి వదిలేశాను నాన్నా, ఫలానా నెలలో ఇక్కడ రాసేస్తాను’ అని ఒకే గుక్కలో చెప్పవచ్చు. మార్కుల షీట్ ఇచ్చేటప్పుడు ఇంకో ముక్క కలపండి. మన దగ్గర పదికి ఎంత దగ్గరైతే అంత గొప్ప, జర్మనీలో 1.0 అందరికంటే పైన, 4.0 దాకా పాస్, 5.0 అంటే ఫెయిల్. అది ముందే చెప్పకపోతే, మీకు 1.7 వచ్చిన సబ్జెక్టు చూసి ఆయన కంగారుపడతారు.